రాజీ పడ్డ బాకీ

2007 వేసవిలో నన్ను బాపట్ల బ్రాంచి నుంచి రేపల్లె బ్రాంచికి మేనేజరుగా బదిలీ చేశారు. కాపురం తెనాలిలోనే. పొద్దున ప్యాసింజరెక్కి రేపల్లెలో దిగడం, సాయంత్రం మళ్ళీ అదే దారిన వెనక్కి. రేపల్లె దగ్గర పట్టాలు ఆగిపోతాయి కాబట్టి నిద్రపోయినా ఊరు దాటిపోతామన్న భయం లేదు. అంతవరకూ నేను ఎక్కువగా పంట రుణాలు, బంగారం రుణాలు చూసినవాణ్ణి. గొలుసును గీటురాయి మీద గీస్తే దాని సంగతేమిటో తెలిసిపోతుంది. మనిషిని గీసి చూసే రాయి కూడా ఒకటి వచ్చిందని, ఇకపై వాడి తీరాలని, ఆ ఏడే మాకు సర్క్యులర్ అందింది.

దాన్ని రుణ చరిత్ర నివేదిక అనేవాళ్ళు. ఇవాళ స్కోరు అంటే డిగ్రీ చదివే పిల్లలకు కూడా తెలుసు, అప్పట్లో మాకే కొత్త. ఏ బ్యాంకులో ఎవరికి ఎంత అప్పుంది, వాయిదాలు సరిగా కట్టారా లేదా అన్న వివరాలన్నీ ఒక సంస్థ దగ్గర చేరతాయి. మేము పేరు, పుట్టిన తేదీ, పాన్ నంబరు పంపితే గుంటూరులోని రీజనల్ ఆఫీసు ఆ నివేదిక తెప్పించి ఇచ్చేది. పాత అప్పు ఎదురుగా ‘క్లోజ్డ్’ అని ఉంటే పూర్తిగా తీరినట్టు. ‘సెటిల్డ్’ అని ఉంటే, అప్పిచ్చినవాళ్ళు తక్కువకు రాజీపడి మిగతాది నష్టం కింద రాసుకున్నట్టు. ఆ రెండోది కనపడితే లోను మంజూరు చేసే అధికారం బ్రాంచి మేనేజరుకు ఉండదు. ఫైలు రీజనల్ ఆఫీసుకు వెళ్ళాలి. అక్కడికి వెళ్ళిన ఫైలు ఎలా తిరిగొస్తుందో బ్యాంకులో పనిచేసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

నేను చేరిన కొత్తల్లోనే ఖాదర్ బాషా అనే టైలరు లోను కోసం వచ్చాడు. బజారులో ఇరవై ఏళ్ళుగా ఒకే అద్దె కొట్టులో కుడుతున్న మనిషి. కొట్టు యజమాని అమ్మకానికి పెట్టి, ముందు అవకాశం బాషాకే ఇచ్చాడు. బాషా చేతిలో ఉన్నదంతా ఊడ్చి బయానా ఇచ్చేశాడు. దీపావళి లోపు మిగతా సొమ్ము కట్టకపోతే బయానా పోతుంది, కొట్టు కూడా పోతుంది. పొన్నూరు నుంచి ఒక మందుల షాపాయన అప్పటికే రెండుసార్లు వచ్చి గోడలు కొలుచుకుని వెళ్ళాడు.

లీగల్ ఒపీనియన్ వచ్చింది. విలువ కట్టే ఇంజనీరు రిపోర్టు వచ్చింది. అంతా సజావుగా ఉందనుకుంటుంటే రుణ నివేదిక వచ్చింది. అందులో ఒక ప్రైవేటు బ్యాంకు క్రెడిట్ కార్డు, దాని ఎదురుగా ‘సెటిల్డ్’.

బాషాను పిలిపించి అడిగాను. నేరం ఒప్పుకునే ముఖం పెడతాడనుకుంటే, ఆ మనిషి ముఖం వెలిగిపోయింది! “అదా సార్! అది మాస్టారు గారి దయండి. ఉండండి, చూపిస్తా” అని కొట్టుకు పరుగెత్తి, గోడకున్న ఫ్రేమొకటి ఊడదీసుకొచ్చాడు. లోపల కార్డువాళ్ళు ఇచ్చిన రాజీపత్రం! అద్దం కట్టించి, కస్టమర్లకు కనపడేలా తగిలించుకున్నాడు. మెడలో పాము వేసుకుని పూలదండ అనుకునేవాణ్ణి ఏమనగలం?

జరిగిందేమిటంటే, మూడేళ్ళ కిందట తెనాలిలో లైనింగు బట్ట కొనడానికి వెళ్ళినప్పుడు, షాపు బయట టేబులు వేసుకున్న కుర్రాళ్ళు ఈయన చేత కార్డు తీయించారు. దాని మీద బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ కొన్నాడు. బిల్లులో ‘కనీస మొత్తం’ అని ఒక చిన్న అంకె ఉంటుంది. అది కడితే ఆ నెలకు నోరు మూసుకుంటారు తప్ప, మిగతా బాకీ మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. బాషా దాన్నే నెల వాయిదా అనుకుని బుద్ధిగా కడుతూ వచ్చాడు. ఏడాదిన్నర కట్టాక చూస్తే బాకీ తగ్గకపోగా పెరిగింది. ఒళ్ళుమండి మానేశాడు. వసూలువాళ్ళు కొట్టు ముందు నిలబడి, బట్టలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళ ముందు కేకలు పెట్టారు.

అప్పుడు దైవసహాయం మాస్టారు రంగంలోకి దిగారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, లూథరన్ చర్చిలో పెద్ద, బాషాకు చిన్నప్పుడు పాఠాలు చెప్పినాయన. ఈ ప్రాంతంలో తగవు తీర్చడానికి ఒక పద్ధతుంది. ఇద్దరికీ నచ్చిన పెద్దమనిషి మధ్యలో కూర్చుంటాడు. ఒకడు కొంచెం పెంచుతాడు, ఒకడు కొంచెం తగ్గిస్తాడు. చేతులు కలిపి, టీలు తాగి లేస్తారు. ఆ తరువాత దాని ఊసెత్తినవాడే మర్యాద తప్పినవాడు. ముప్పై వేల పైచిలుకు అడుగుతున్న వసూలువాళ్ళను మాస్టారు అరుగు మీద కూర్చోబెట్టి పదహారు వేలకు ఒప్పించారు. వాళ్ళూ పై ఆఫీసుకు ఫోను చేసి, అనుమతి తెచ్చుకుని, కాగితం పంపించారు. రేపల్లె లెక్కలో బాషా తలెత్తుకుని బయటపడ్డాడు.

“అయితే ఆ రాజీయే ఇప్పుడు మీ లోనుకు అడ్డం” అని చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. “ఎగ్గొట్టలేదు కదండీ? వాళ్ళు అడిగిందే కట్టాను కదండీ?” అంటాడు. అడిగింది కాదయ్యా, తగ్గించి అడిగింది అంటే, “తగ్గించింది వాళ్ళే కదండీ?” అంటాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు. అదే నాకు మరీ చిరాకు తెప్పించింది.

గుంటూరుకు ఫోను చేశాను. అక్కడి అధికారి, వదిలేసిన మొత్తం కూడా కట్టి, బాకీ లేదని కార్డువాళ్ళ దగ్గర ఉత్తరం తెస్తే ఆలోచిస్తామన్నాడు. కొట్టు దక్కుతుందంటే ఇల్లాలి గాజులు కుదువ పెట్టయినా కడతానన్నాడు బాషా. హమ్మయ్య అనుకున్నాను.

మర్నాడు కౌంటర్లు తెరవకముందే మాస్టారు నా గదిలో ఉన్నారు. తెల్ల పంచె, చేతికర్ర, ముక్కు మీద కోపం.

“ఏంటి బాబూ, నేను కూర్చుని తీర్చిన తగవును మీరు తిరగదోడతారా? పదహారు వేలకి చేతులు కలిపి, నా ఇంట్లో టీ తాగి వెళ్ళారు వాళ్ళు. వెనకాలపోయి మచ్చ రాస్తారా? ఇప్పుడు వీడెళ్ళి మిగతాది కడితే ఈ ఊళ్ళో ఇక నా మాటకి విలువేంటి?”

రికార్డు సంగతి వివరించాను. ఆయన తీర్పు సంగతి వివరించారు. ఇద్దరం మొదటికొచ్చాం. బాషా గుమ్మంలో నిలబడి, ఇద్దరికీ తలాడిస్తున్నాడు. మాస్టారు వద్దంటే కట్టడట! “కొట్టు మీదా, మాస్టారిదా?” అని అరిచాను. బ్యాంకులో అంత గొంతు ఎత్తడం నాకు అలవాటు లేదు. క్యాషియరు లేచి నిలబడ్డాడు. చివరికి, ‘మాస్టారూ, మీ మాటకు విలువ ఇచ్చేవాడి కొట్టు పోతే మీ మాట ఏం చేసుకుంటారు?’ అన్నాను. ఆయన కర్ర నేలకేసి కొట్టి, “సరే, తగలెయ్యండి” అన్నారు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంత చేసి, ఆ శనివారం మధ్యాహ్నం బాషాను వెంటబెట్టుకుని తెనాలిలో కార్డువాళ్ళ ఆఫీసుకు వెళితే, అక్కడి అమ్మాయి కంప్యూటర్లో చూసి, డబ్బు తీసుకోవడం కుదరదంది. “ఈ అకౌంట్లో బాకీ సున్నా ఉందండి. సున్నాకి ఎంట్రీ వెయ్యడానికి సిస్టమ్ ఒప్పుకోదండి.” బాకీ సున్నా అయితే మచ్చ ఎందుకుందమ్మా అంటే, పూర్తిగా కట్టలేదు కదండీ అంది. మరి కడతామంటే తీసుకోరేం అంటే, బాకీ లేదు కదండీ అంది. ఓరి నాయనో! బాషా గాజుల తాకట్టు డబ్బు జేబులో పట్టుకుని నిలబడ్డాడు. అప్పుల వ్యవహారంలో ఇవ్వనంటే పుచ్చుకునేవాళ్ళను చూశాను గానీ, ఇస్తానంటే పుచ్చుకోనివాళ్ళను అప్పుడే చూశాను. చెన్నైలోని తమ పెద్దాఫీసుకు రాసుకోమన్నారు. రాశాం.

ఆ ఉత్తరం కాపీ జతచేసి ఫైలును గుంటూరుకు పంపాను. చెన్నై నుంచి ఉలుకూ పలుకూ లేదు. దసరా వెళ్ళిపోయింది. అప్పుడు రీజనల్ ఆఫీసు నుంచి ఫైలు వెనక్కి వచ్చింది, రెండు కొర్రీలతో. ఒకటి ‘సెటిల్డ్’. రెండోది, కొట్టులో రెండు మిషన్లు మాత్రమే చూపించి ఇంత టర్నోవరు ఎలా చూపించారు, పరిశీలించి నివేదించండి, అని. ఇదొకటి తక్కువైంది! మొదటి కొర్రీతోనే చచ్చిన ఫైలుకు రెండో కొర్రీ ఎందుకో నాకు అర్థం కాలేదు. అయినా కొర్రీ వేశాక మేనేజరు స్వయంగా వెళ్ళి చూడాలి, అది నిబంధన. విసుక్కుంటూనే కొట్టుకు వెళ్ళాను. బాషా తల గోక్కుని, మిగతా పని ఇంట్లో జరుగుతుందండి అన్నాడు.

ఇంటికి వెళ్ళాం. ముందు గదిలో నాలుగు మిషన్లు, మూడింటి దగ్గర జీతానికి కుట్టే ఆడపిల్లలు, నాలుగోదాని దగ్గర బాషా భార్య మీరాబీ. తెనాలిలోని రెండు బట్టల షాపులకు జాకెట్లు, పరికిణీలు కుట్టేది ఆవిడే. డబ్బు నేరుగా ఆవిడకే వస్తుంది. వచ్చింది వచ్చినట్టు మా బ్రాంచిలోనే తన పేరున ఉన్న ఖాతాలో వేస్తుంది. పాస్‌బుక్కు చూస్తే బాషా కొట్టు కంటే ఇదే గట్టి రాబడి. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఇన్నాళ్ళూ ఈ సంగతి చెప్పలేదేమమ్మా?”

“మీరెవరూ నన్నడగలేదు కదండీ. కార్డు తీసుకునేప్పుడు ఆయనా అడగలా, రాజీ చేసేప్పుడు మాస్టారూ అడగలా. కొట్టు పోతే ఈ పిల్లలకి పని ఎక్కణ్ణుంచి ఇవ్వాలండి? కొలతలిచ్చేవాళ్ళూ, తెనాలి షాపులవాళ్ళూ అక్కడికే వస్తారు. మాకు అదొక్కటే ఆధారం సార్” అంది. మిషన్ ఆపకుండానే అంది.

ఆ సాయంత్రం రైల్లో సర్క్యులర్ మళ్ళీ చదివాను. మచ్చ ఉన్నవాడికి బ్రాంచి మేనేజరు ఇవ్వకూడదు అని ఉంది. అసలు చరిత్రే లేనివాళ్ళకు ఇవ్వకూడదని ఎక్కడా లేదు. మర్నాడే మీరాబీ పేరున కొత్త దరఖాస్తు రాయించాను. సంపాదన ఆవిడదే, ఖాతా ఆవిడదే, కొట్టు రిజిస్ట్రేషను కూడా ఆవిడ పేరునే చేయించబోతున్నారు. ఈ మూడూ నిజం కాకపోతే నేను కలం ముట్టేవాణ్ణి కాదు. హామీగా ఎవరుంటారంటే మాస్టారు ముందుకొచ్చారు. ఆయన పెన్షను మా దగ్గరే. “నా చరిత్ర కూడా తెప్పిస్తావా బాబూ?” అన్నారు. తప్పదండీ అన్నాను. ఇద్దరి మీదా ఒకటే సమాధానం వచ్చింది: వివరాలేమీ లేవు. ఆ లోను నా అధికార పరిధిలోదే కాబట్టి, నేనే సంతకం పెట్టాను.

నాకు మండింది ఎక్కడంటే, తిప్పలుపడి పదహారు వేలు కట్టినవాడు పనికిరాలేదు. ఎప్పుడూ ఎక్కడా ఒక్క రూపాయి అప్పు తీర్చి చూపించని మనిషి పనికొచ్చింది. సంతకం పెట్టినందుకు సంతోషించాలో, పెట్టించిన పద్ధతికి ఏడవాలో తెలియలేదు. దీపావళికి ముందు వారం రిజిస్ట్రేషను జరిగింది. బాషా సాక్షి సంతకం చేశాడు. మందుల షాపాయన తన టేపు తాను తీసుకెళ్ళిపోయాడు.

చెన్నై ఉత్తరం ఆ తరువాత నెలలో వచ్చింది. ‘మీరు మాకు ఏమీ బాకీ లేరు, మా సేవలు వాడుకున్నందుకు కృతజ్ఞతలు’ అని. బాషా దాన్ని కూడా ఫ్రేము కట్టిస్తానంటే, కట్టించి నా కంటపడితే ఊరుకోనన్నాను. ఆయన మచ్చ మాత్రం నేను ఆ బ్రాంచిలో ఉన్నంతకాలం అలాగే ఉంది.

అప్పటి నుంచి లోను కోసం వచ్చిన ప్రతివాళ్ళనూ కూర్చోబెట్టి మొదట ఒకటే అడిగేవాణ్ణి, ఎక్కడైనా రాజీ పడ్డారా అని. చాలామంది ఘనంగా, పడ్డామండి అనేవాళ్ళు. వడ్డీ తప్పుగా వేశారనిపిస్తే రాతపూర్వకంగా పోట్లాడండి, గడువు అడగండి, వాయిదాలుగా విడగొట్టి కట్టండి, తగ్గించుకోవడం మాత్రం ఆఖరి దారి, దాని వెల ముందే తెలుసుకోండి అని చెప్పేవాణ్ణి. విన్నవాళ్ళు తక్కువ.

విన్నదొక్కతే మీరాబీ. రెండేళ్ళకు చీటీ పాడి, గడువుకు ముందే లోను మొత్తం కట్టేయడానికి భర్తతో కలిసి వచ్చింది. ముందే తీరిస్తే మా బ్యాంకు కొంత రుసుము వేసేది. నేను లెక్క వేసి చెప్పగానే బాషా అలవాటు చొప్పున ముందుకు వంగి, “సార్, ఆ పైది వదిలేసి రౌండు చెయ్యండి, మీరూ మేమూ ఒక మాట అనుకుందాం” అన్నాడు.

ఆవిడ ఆయన చెయ్యి వెనక్కి లాగి, నోట్ల కట్ట నా ముందుకు జరిపింది.

“తగ్గించకండి సార్. పైసలతో సహా పుచ్చుకోండి. మా ఇంట్లో మర్యాదగా రాజీ పడేవాళ్ళు ఒకళ్ళు చాలు.”

పైసలతో సహా పుచ్చుకుని, ఖాతా మూసేశాను.