పానాతో నాటిన తోటకూర

మా తమ్ముడు నలభై ఏళ్లు లారీల కింద పడుకుని బతికాడు. ఇంజన్ చప్పుడు వింటే చాలు, ఏ బోల్టు వదులైందో చెప్పేస్తాడు. మట్టి సంగతి మాత్రం వాడికి బొత్తిగా తెలియదు. పెరడంతా మా మరదలిది. ఆమె మొన్న చలికాలంలో పోయింది. వాడు ఏడవలేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాడు, వాళ్లు వెళ్లాక తీశాడు.

చలి తగ్గి కంచె మీద తీగలు చిగురు వేశాక, ఒక పొద్దున నేను వెళ్లేసరికి పెరట్లో వంగి ఉన్నాడు. పద్నాలుగో నంబరు పానాను తల మునిగేదాకా నేలలో దించి, ఆ గుంటలో నలకంత గింజలు రెండేసి వేసి పూడుస్తున్నాడు. అవి మరదలు పంతొమ్మిదేళ్లుగా ఏటా దాచి మళ్లీ చల్లుకుంటూ వచ్చిన ఎర్ర తోటకూర గింజలు. అంత ఎరుపు ఇంకెవరి పెరట్లోనూ లేదు, నా పెరట్లో కూడా. ఆమె గింజలు దాచిన గుడ్డమూట మొత్తం ఖాళీ చేసేశాడు.

"ఒరే మెకానిక్కూ, తోటకూర గింజ పైపైన చల్లాలిరా. ఇంత లోతున పాతిపెట్టి, దాన్ని లేపడానికి జాకీ పెడతావా?"

"కొలత ఉండాలి కదక్కా."

రెండు వారాలైనా ఏమీ రాలేదు. ఇరవయ్యో రోజున, సరిగా పూడని గుంటలోంచి ఒక్కటి మొలిచింది.

"ఒక్కటి చాలురా. అది కంకి వేస్తే పెరడంతటికీ గింజ. చుట్టూ ఏదైనా కట్టు, కంచె కింద కుందేలు తిరుగుతోంది" అన్నాను.

మర్నాడు బజారుకెళ్లి వల కొనుక్కొచ్చి అరుగు మీద పెట్టాడు. అది అక్కడే ఉంది.

నాలుగు రోజులాగి వెళితే అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"మొక్కేదిరా?"

"కుందేలు తినేసింది."

"నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే. చూస్తూనే ఉన్నా."

"అదిలించడానికి నోరు లేదా? చేతులు లేవా?"

"అదిలిద్దామనే అనుకున్నా. చెయ్యి లేవలేదు. ముందు ఆకులు తింది, తర్వాత కాడ. ఎంతోసేపు పట్టలేదక్కా."

"గింజలు ఇంకేమైనా మిగిలాయా?"

"లేవు."

లోపలికెళ్లి పొయ్యి వెలిగించి, ఉన్నదేదో వండి పెట్టాను. కంచం ఖాళీ చేసి, కడిగి బోర్లించి, మళ్లీ అరుగు మీదికి వెళ్లాడు. తర్వాత నేను తినబోతే తెలిసింది, కూరలో ఉప్పే వేయలేదు.