రామోన్ ఓడిపోయిన ఆట

మొన్న రాయచోటిలో మెకానిక్ షెడ్డు ముందు కూర్చుని ఉన్నాను. లోపల నా బండి బాగవుతోంది. మెకానిక్ పాత ఇంజనాయిలు తెచ్చి ఎండకు కాగిన ఇసుకలో ఒంపాడు. ఆ వాసన తగలగానే నాకు నవ్వొచ్చింది. అతను నన్ను అనుమానంగా చూశాడు. ఏమని చెప్పేది? కువైట్‌లో నేను జీతం తీసుకున్నదే ఆ వాసనకు. అక్కడ గోల్ఫు మైదానమంటే గడ్డి కాదు, ఉత్త ఇసుక. బంతి పడాల్సిన గుంత చుట్టూ మాత్రం ఇసుకలో నూనె కలిపి, అణగదొక్కి, నల్లగా నున్నగా చేస్తారు. ఆడి వెళ్లినవాళ్ల అడుగులు చెరిపి, దాన్ని మళ్లీ చదును చేయడం నా పని. ఆటగాళ్లు చంకలో చిన్న పచ్చ చాప ముక్క పెట్టుకుని తిరుగుతారు. బంతి ఎక్కడ పడితే అక్కడ ఆ చాప పరిచి, దానిమీద బంతి పెట్టి కొడతారు. సెలవుకొచ్చినప్పుడు ఇదంతా చెబితే, దుడ్లున్నోళ్లకు పిచ్చి కూడా ఖరీదైందే పడుతుందని మా ఊళ్లో ఒకటే నవ్వు.

ఆ మైదానంలో దొరలకు ఆట నేర్పే మాస్టరు రామోన్. దక్షిణ అమెరికాలో చిలీ ఆయన దేశం. పొట్టి మనిషి, చామనఛాయ, గుబురు మీసం. లుంగీ కడితే అచ్చం మా పులివెందుల మనిషే. మేమంతా రామన్నా అని పిలిచేవాళ్లం, ఆయనా పలికేవాడు. మా దగ్గరే ముక్కలు ముక్కలుగా హిందీ నేర్చుకుని, దాంట్లోనే మమ్మల్ని ఆటపట్టించేవాడు. ఒక సాయంత్రం పని అయ్యాక నా చేతికి కర్ర ఇచ్చి కొట్టమన్నాడు. ఊళ్లో మొద్దులు చీల్చిన బలమంతా పెట్టి కొట్టాను. బంతి ఉన్నచోటే ఉంది, చాప మాత్రం ఎగిరి అంత దూరాన పడింది. ఆయన ఇసుకలో చతికిలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత లేచి, "బంతి మీద నీకెందుకంత కోపం సుబ్బా? అది నిన్నేమీ అనలేదే" అన్నాడు. ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం నాకు పాఠమే. నాకంటే పెద్ద జీతం ఆయనది, అయినా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగేవాడు.

ఆ టీ దగ్గరే తన కథంతా చెప్పాడు. డబ్బున్నవాళ్ల క్లబ్బులో సంచులు మోస్తూ ఆట నేర్చుకున్నాడట. వాళ్లు పారేసిన విరిగిన కర్రలు అతికించుకుని ఆడి, ఆటే బతుకుతెరువుగా చేసుకున్నాడు. అర్జెంటీనాలో గెలిచాడు, బ్రెజిల్‌లో గెలిచాడు. ఒకసారి స్కాట్లండు దాకా పోయి, వానలో తడిసి ముద్దయి, ఘోరంగా ఓడి వచ్చాడు. ఆ ఓటమి చెప్పేటప్పుడే ఎక్కువ నవ్వేవాడు. నవ్వకుండా చెప్పింది ఒక్కటే. వాళ్ల దేశంలో సైన్యం పెత్తనం సాగే రోజుల్లో, ఒక కర్నల్ ఈయనతో పందెం ఆడాడు. ఓడిపొమ్మని క్లబ్బువాళ్లంతా చెవిలో ఊదారు. ఈయన ఒక్క దెబ్బ తేడాతో గెలిచాడు. అంతే, క్లబ్బు తలుపులు మూసుకున్నాయి, పోటీలకు పిలవడం మానేశారు. చివరికి గడ్డి పరకైనా మొలవని ఈ ఎడారిలో తేలాడు. ఒక్క దెబ్బే కదా, తప్పు కొట్టి ఉంటే నీ సొమ్మేం పోయేది అని అడిగాను.

"కావాలని తప్పు కొడితే చెయ్యి గుర్తు పెట్టుకుంటుంది సుబ్బా. ఆ తర్వాత అది నా మాట వినదు" అన్నాడు.

తొంభైవ సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్ మీద వచ్చి పడింది. మా పై అధికారులు చాలామంది సెలవుల్లో వేరే దేశాల్లో ఉన్నారు, ఉన్నవాళ్లు ఎటు పోయారో తెలియదు. క్వార్టర్లలో రామోన్, నేను మిగిలాం. చిట్వేలి ఓబులమ్మ నాకు అక్క వరస అవుతుంది, కువైట్ సిటీలోని బ్నీద్ అల్ గార్‌లో ఒక ఇంట్లో పని చేసేది. వాళ్ల మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, పిల్లలతో లండన్‌లో చిక్కుకుపోయింది. ఇంటి తాళాలు కొంగున ముడేసుకుని, మరో ముగ్గురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఓబులమ్మ మా దగ్గరికి వచ్చేసింది. మా గోల్ఫు క్లబ్బు వ్యాను ఉంది, బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరితే బతికిపోతామన్నారు. రామోన్ అన్నిటికన్నా ముందు తన గోల్ఫు సంచి ఎక్కించాడు. ఆయన పెద్ద ఛాంపియనని నేనెంత చెప్పినా, రొట్టెల మూటకే తావు లేకపోతే ఈ కట్టెలేందని ఓబులమ్మ దారి పొడుగునా సణుగుతూనే ఉంది.

ఊరు దాటాక సైనికులు ఆపారు. అప్పటికే వాళ్లు ఎన్నో బండ్లు లాక్కుని జనాన్ని ఎండలో దించేశారు. వరుసగా నిలబడ్డ ఆ బండ్లు చూసి మా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ ఎడారిలో బండి పోతే ఆడవాళ్లతో నడిచి ఎక్కడికి పోతాం? ఆఫీసరు మా కాగితాలూ వ్యాను తాళమూ జేబులో వేసుకుని, సంచి దింపించి, ఇవేమిటన్నాడు. రామోన్ చాప పరిచి ఒక బంతి కొట్టి చూపించాడు. ఆఫీసరుకు ముచ్చటేసింది. తనూ కర్ర పట్టాడు. రామోన్ ఆయన మోచెయ్యి సర్ది, భుజం వంచి, మా మైదానంలో దొరలకు నేర్పినట్టే ఓపిగ్గా నేర్పాడు. ఆఫీసరు నాలుగైదుసార్లు ఇసుకను కొట్టి, ఆఖరికి బంతిని కొట్టాడు. అది గాల్లోకి లేచి, దూరంగా పడి ఉన్న పాత టైరుకు దగ్గర్లో ఆగింది. సైనికులు చప్పట్లు కొట్టారు. ఆఫీసరు మీసం తడుముకుని, టైరుకు నాకంటే దగ్గరగా కొట్టు చూద్దాం ఛాంపియన్ అన్నాడు.

రామోన్ గెలిస్తే, తన మనుషుల ముందు తలవంపులైన ఆఫీసరు జేబులోంచి మా తాళం బయటికి రాదు. ఓడిపో రామన్నా అని కాళ్లు పట్టుకోవాలనిపించింది. కానీ దేశం పోయినా ఆయన చేయని పని అది. రామోన్ ఎప్పటిలాగే నిలబడ్డాడు, ఎప్పటిలాగే ఊపిరి తీసుకున్నాడు. అంత దూరం ఆయన కళ్లు మూసుకుని కొట్టగలడు. బంతి పక్కకు పోయి మెత్తటి ఇసుకలో కూరుకుపోయింది. ఆయన నాలుక చప్పరించి, కర్ర వైపు కోపంగా చూశాడు. ఆఫీసరు విరగబడి నవ్వి, ఆయన వీపు చరిచి, కాగితాలూ తాళమూ చేతిలో పెట్టి, యల్లా, ఇక పొండి అన్నాడు.

వ్యాను కదిలిన కాసేపటికి ఓబులమ్మ పకపకా నవ్వింది. "ఛాంపియను ఛాంపియను అని ఊదరగొడితివే సుబ్బా, కట్టె పట్టడం రానోని చేతిలో మీ రామన్న ఓడిపాయెనే." నాకు ఒళ్లు మండింది. అక్కా, నీకేం తెలుసు అని మొదలుపెట్టాను. ఆమె ఏమంటోందని రామోన్ అడిగాడు. చెప్పాను. ఉన్న సంగతి ఈమెకు చెబుతానన్నాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

"వద్దు సుబ్బా. మా ఆటలో ఎన్ని దెబ్బలో అంతే రాస్తారు, ఎందుకో రాయరు. నేను ఓడిపోయాను."

జోర్డాన్ చేరేదాకా ఓబులమ్మ ఆ మాట పట్టుకుని ఆయన్ని ఏడిపిస్తూనే ఉంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. అయితే ఒకటి గమనించాను. ఆ దెబ్బ కొట్టిన చేతిని మాత్రం మాటిమాటికీ తెరిచి చూసుకునేవాడు. శిబిరంలో మమ్మల్ని బొంబాయి విమానానికి పంపిస్తూ కౌగిలించుకుంటే నాకు ఏడుపు ఆగలేదు. మళ్లీ ఆయన్ని చూడలేదు. తర్వాత ఎక్కడైనా ఆడాడో, ఆ చెయ్యి ఆయన మాట విన్నదో లేదో తెలియదు.

కొన్నేళ్లకు మా అన్నదమ్ముల భాగాలు జరిగాయి. బోరులో నీళ్లున్న పొలం చెక్క పెద్దవాడిగా నాకు రావాలి. పెద్దమనుషులూ అదే అన్నారు. ఆ ఏడు నా తమ్ముడి ఇంట్లో ఏం జరుగుతోందో నాకొక్కడికే తెలుసు. వాడు పంచాయతీలో గట్టిగా అరిచాడు, నేను మెత్తగా వాదించి, ఆ చెక్క వాడికే వదిలేశాను. బయటికి రాగానే ఒకాయన, "కువైట్ దాకా పోయొచ్చినోడివి, తమ్మునికి ఓడిపోతివి కదప్పా" అని అందరూ వినేట్టు నవ్వాడు.

"అవునప్పా, ఓడిపోయినా" అన్నాను.