లచ్చుబాయి అత్త సర్దిన గది

మొన్న పక్క వీధి నుంచి ఒకావిడ పాత చీరల మూట తెచ్చి నా ముందు విప్పింది. కలరా ఉండల వాసన, దాని వెనకే ఎండలో ఆరిన నూలుగుడ్డ వాసన గదంతా కమ్మాయి. ఆవిడ ఏదో చెబుతూనే ఉంది, నేను వినడం మానేసి నవ్వుకుంటూ కూర్చున్నాను. అది మా లచ్చుబాయి అత్త వాసన. ఆమె గడప దాటకముందే అది ఇంట్లోకి వచ్చేది. ఊళ్లో ఎవరింట పాత చీర కనబడినా అడిగి తెచ్చుకుని బొంతలు కుట్టేది. మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచలో మా ఇంటి వెనకిల్లే ఆమెది. మాకు చుట్టమేమీ కాదు. మా మామగారిని అన్నా అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది, అత్తగారి పెత్తనం మాత్రం ఎవరూ ఇవ్వకుండానే తీసుకుంది.

నేను నాగేపల్లి పిల్లను. పెళ్లికి ముందే కుట్టు నేర్చుకున్నాను. సిరొంచకు కోడలిగా వచ్చాక పదేళ్లు వసారాలో ఓ మూల మిషన్ పెట్టుకుని కుట్టాను. భోజనాల వేళ తీసేయాలి, చుట్టాలొస్తే తీసేయాలి, వాన జల్లు కొడితే తీసేయాలి. జాకెట్టు చేతులూ వీపూ అన్నీ కలిపి మూట కట్టేదాన్ని. మళ్లీ విప్పితే ఏ ముక్క ఎవరిదో పోల్చుకోవడానికే సగం పూట పోయేది. నా కోరికల్లా ఒకటే. కుడుతూ కుడుతూ సగంలో లేచిపోయినా, తిరిగి వచ్చేసరికి పని అలాగే ఉండే చోటు కావాలి.

అలాంటి చోటు ఇంట్లో ఒకటే ఉంది, వడ్ల గది. ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి అది ఖాళీ అయింది. ధైర్యం చేసి మామను అడిగాను. సాయంత్రం చాయ్ తాగుతూ చెప్పాడు.

“కొత్త వడ్లు ఇంటికొచ్చేదాక గది నీది. అప్పటికి అండ్ల పని నడుస్తున్నట్టు నాకు కనబడాలె. లేకుంటే మళ్ల బస్తాలే పడ్తయ్.”

నా కాళ్లు నేల మీద నిలవలేదు. గోడలకు లేత పసుపు రంగు వేయించాను. ఫోన్‌లో చూసి, చంద్రపూర్ వెళ్లే వాళ్లతో గాజు సీసాలు తెప్పించాను. గుండీలు రంగు రంగుకూ ఒక సీసా. దారపు రీళ్లు లేత నుంచి ముదురుకు వరస. పైకప్పు దాకా అరలు, ప్రతి అరకూ కుచ్చుల పరదా. నేను బడిలో చదివింది మరాఠీ కనుక సీసాల మీద అందమైన మరాఠీ అక్షరాలతో చీటీలు అంటించాను. “ఇది కుట్టు గదా, మందుల షాపా?” అని మా ఆయన ఆటపట్టించాడు. నేను పట్టించుకోలేదు. దసరా దాటిపోయింది. అంతవరకు ఆ గదిలో ఒక్క గుడ్డ కూడా కోయలేదు. కోస్తే ముక్కలు పడతాయి కదా అని వాయిదా వేస్తూ వచ్చాను.

అప్పుడే లచ్చుబాయి అత్త గది చూడ్డానికి వచ్చింది. గుమ్మంలోనే ఆగి, చెప్పులు విడిచి, కొంగు భుజం మీదికి లాక్కుని నలువైపులా చూసింది.

“కూసోవాల్నా, దండం పెట్టాల్నా బిడ్డా?” అంది.

“కూర్చో అత్తా.”

“ఎన్ని కుట్టినవ్ ఇండ్ల?”

“ఇంకా సర్దుతున్న.”

“నీ సర్దుడు అయ్యేదాక పొలంల వడ్లు ఆగుతయా?”

నాకు తల తీసేసినట్టయింది. ఆమె మాత్రం పెద్దగా నవ్వి, అన్నిటికంటే అందమైన సీసాలోని గుండీలు నా ఒళ్లో వంపి, దాన్ని తన వక్కలకు పెట్టుకుంది. మర్నాడు పాత చీరల మూట తెచ్చి గది నడుమ పరిచింది. ఇద్దరం కలిసి ఒక పెద్ద బొంత కుట్టాలి, అది అయ్యేదాకా ఏ వస్తువూ దాని అరలోకి వెళ్లకూడదు, ఇదీ ఆమె పెట్టిన షరతు. కత్తెర చేతిలోంచి ఎక్కడ జారితే అక్కడే ఉండాలి. రోజూ పని ముగిశాక ఆమె సుద్దముక్కతో కత్తెర చుట్టూ, దారం చుట్టూ నేల మీదా గోడ మీదా గీతలు గీసేది. నా లేత పసుపు గోడ మీద ఆ గీతలు చూస్తుంటే ప్రాణం ఉసూరుమనేది.

“జర ఓపిక పట్టు. నీ చెయ్యి ఏడికి పోతదో ముందు జూద్దాం. ఆడనే మేకు కొడ్దాం,” అనేది.

మూడు రోజులు ఓపిక పట్టాను. నాలుగో రోజు తెల్లారి, ఆమె రాకముందే, ఉండబట్టలేక గీతలన్నీ తుడిచేశాను. రీళ్లు వరసగా పెట్టాను. పరిచిన బొంతను సగం సూదులు తీసేసి మడత పెట్టాను. గది మెరిసిపోయింది. లచ్చుబాయి అత్త వచ్చి, చూసి, కూర్చోలేదు.

“మూడు దినాల పని ఊడ్చేసినవ్,” అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

అప్పటికే పొలంలో కోతలు పడ్డాయి. మధ్యాహ్నం దాకా బెట్టు చేసి, ఇక లాభం లేదని వాళ్లింటికి వెళ్లాను. అన్నేళ్లుగా వెళుతున్న ఇల్లే, ఆ రోజే సరిగా చూశాను. ఆమె గడప పక్కన, దూడను కట్టేసిన గుంజకూ పొయ్యికీ మధ్య జానెడు జాగాలో కూర్చుని కుడుతోంది. దూడ లేచినప్పుడల్లా గుడ్డ ఎత్తి పట్టుకుని మళ్లీ దించుతోంది. నన్ను చూసి కోపంగా అనలేదు, మెల్లగానే అంది.

“నలభై ఏండ్లు గిట్లనే ఎత్తుకుంట దించుకుంట కుట్టిన. నాకు గది లేకపాయె. నీకు దొరికింది. దాన్ని జూసుకుంటనే కూసుంటవా?”

నాకు ఏడుపొచ్చింది. ఆ గది నాకంటే ఆమెకే ఎక్కువ కావాలని నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ సిగ్గేస్తుంది. సూదిడబ్బా నేనే చేతిలోకి తీసుకుని, ఆమెను రెక్క పట్టుకుని లాక్కొచ్చాను.

ఆ తర్వాత వారం రోజులు మేం సర్దింది లేదు, కుట్టిందే. మిషన్ దానంతట అదే కిటికీ దగ్గరికి జరిగింది. కత్తెర నేను అనుకున్న అరలో కాక ఎడం మోకాలి దగ్గర కుదురుకుంది. అత్త మళ్లీ గీసిన సుద్దగీతల మీద మా ఆయన మేకులు కొట్టాడు. మరాఠీ రాని అత్త నా చీటీలన్నీ పీకేసి, గుండీల సంచికి గుండీ, హుక్కుల సంచికి హుక్కు బయట కుట్టింది. వీధిలోని ఆడవాళ్లు ఒకరిద్దరు తొంగిచూసి, తామూ ఒక అంచు పట్టుకుని కూర్చున్నారు.

సరిగ్గా ఆ సందడిలో వాకిట్లో ట్రాక్టర్ ఆగింది. మొదటి బస్తా మోసుకొస్తున్న మనిషిని వెంటబెట్టుకుని మామ గుమ్మంలోకి వచ్చాడు. బొంత ఇంకా సగమే అయింది. గోడ నుంచి గోడ దాకా అది, దాని మీద నలుగురం, చుట్టూ ముక్కలూ దారాలూ.

“ఇదేందిది, కాలు పెట్ట జాగ లేదు!” అన్నాడు మామ.

లచ్చుబాయి అత్త తల కూడా ఎత్తలేదు. “మంచిగ వచ్చినవన్నా. జర ఆ కొస గుంజి పట్టు, ముడత పడుతున్నది,” అంది.

మామ ఏమనుకున్నాడో, వంగి కొస పట్టుకున్నాడు. పట్టుకున్నవాణ్ని ఆమె వదిలితే కదా! ఆ అంచు అయ్యేదాకా నిలబెట్టింది. బయట బస్తా మోస్తున్నవాడు, “మామా, ఏడ దించాలె?” అని మూడుసార్లు అరిచాడు. మూడోసారికి మామ, “వసారల దించు. ఈడ పని నడుస్తున్నది కనబడ్తలేదా?” అని కసిరాడు. నేను నవ్వాపుకోలేక గుడ్డలో మొహం దాచుకున్నాను. ఆ చలికాలమంతా ఇంటిల్లిపాదీ బస్తాల మధ్య ఒదిగి కూర్చుని అన్నాలు తిన్నాం. ఒక్కరూ గొణగలేదు.

లచ్చుబాయి అత్త ఆ తర్వాత ఆరేళ్లు రోజూ వచ్చింది. పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం తల తిరుగుతోందని లేచి ఇంటికి వెళ్లింది, మరి రాలేదు. ఆమె కుడుతున్న బొంత గది నడుమ పరిచినట్టే ఉంది, వరస మధ్యలో సూది గుచ్చి ఉంది. దాన్ని ఎత్తి దాచిపెట్టమని కొందరన్నారు. మాకు మనసొప్పలేదు. ఆమె పదో రోజు కర్మ అయ్యాక అందరం దాని చుట్టూ కూర్చున్నాం. ఎవరు మొదలుపెట్టాలో తెలియక ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చివరికి ఆ సూది నేనే తీసుకున్నాను. ఆమె ఆపిన చోట ముడి వేయలేదు. సూదిలో ఇంకా మూరెడు దారం మిగిలి ఉంది, దానితోనే కుట్టుకుంటూ పోయాను.