దాలయ్య జీపుకి రాసిన పసుపు

ఆదివారం పూట దాలయ్యతో మాట్లాడాలంటే ఆయన కాళ్లతో మాట్లాడాలి. మిగతా మనిషంతా జీపు కింద ఉంటాడు. గరివిడిలో మా వీధికొచ్చే పాలవాడూ, కరెంటు మీటరు చూసే అతనూ, చందాల కుర్రాళ్లూ అందరూ ఆ కాళ్లకే విన్నవించుకుంటారు. సంగతి నచ్చితే కుడికాలి బొటనవేలు కదులుతుంది. నచ్చకపోతే కింద నుంచి స్పానరు చప్పుడు పెరుగుతుంది.

ఆయన ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. పుట్టింది భావనపాడులో, తాతల నాటి నుంచీ చేపల వేట మీద బతికే ఇంట్లో. కానీ ఆయనకి సముద్రం పడలేదు. భయం కాదు. పడవ మొదటి అల దాటగానే కడుపులో ఉన్నదంతా బయటికొచ్చేసేది. తండ్రి నిమ్మకాయ వాసన చూపించాడు. నడుముకి తాయెత్తు కట్టించాడు. కొన్నాళ్లు చద్దన్నం మానిపించాడు, కొన్నాళ్లు చద్దన్నం తప్ప ఇంకేమీ పెట్టనివ్వలేదు. ఏదీ పని చెయ్యలేదు. చివరికి "నీకు కదలని నేలే రాసున్నాది, పోయి సదువుకో" అని ఐటీఐలో చేర్పించాడు.

కదలని నేల కోసం వచ్చిన ఆ మనిషి, పడవ కన్నా ఎక్కువగా ఊగే బండి మీద మనసు పడ్డాడు. "మరి ఇందులో కడుపు తిప్పదా?" అని ఎవరైనా అడిగితే ఆయన దగ్గర జవాబుంది. "స్టీరింగు నా సేతిలో ఉంటే కడుపు నా మాటింటాది."

ఆ జీపు ఆయనకి సాలూరులో ఒక పాత సామాన్ల కొట్టు వెనక దొరికింది. ఏదో ఆఫీసు వాళ్లు వాడి వాడి వదిలేసిన బండి. చక్రాలు లేవు. ఇంజను మీద కాకర తీగ అల్లుకుని, హెడ్‌లైటు ఉండాల్సిన కన్నంలోంచి పిందెలు వేలాడుతున్నాయి. దాలయ్య కాకరకాయలు సంచిలో కోసుకుని, జీపుని ట్రాక్టరు మీద ఎక్కించుకుని ఇంటికొచ్చాడు. ఆయన భార్య మరిడమ్మ సంచీ చూసింది, జీపు చూసింది.

"కాకరకాయలు బాగున్నాయి," అంది.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ ఇంట్లో జీపు లేని గది లేదు. పిస్టన్లు మరిడమ్మ బట్టలు నానేసే బేసిన్లో కిరసనాయిల్లో నానాయి. గేరు పళ్లు దేవుడి గూట్లో ఆరాయి. డీజిలు ఇంజను వేరే బండిది తెచ్చి బిగించాడు. కమాను కట్టలు మార్చి బండిని జానెడెత్తు లేపాడు. ముందు సీట్లు ఒక పాత బస్సువి. పైకప్పు టార్పాలిను. దాన్ని కుట్టింది భావనపాడులో వలలు బాగుచేసే ముసలాయన, అందుకని ఆ కుట్టు ఎక్కడ చూసినా వల ముడే. ఎక్కువ పనులకి రెండో చెయ్యి కావాలి కాబట్టి, తిట్టుకుంటూనే మరిడమ్మ టార్చిలైటు పట్టుకునేది, అడిగిన స్పానరు అందించేది. కొన్నాళ్లకి అడగకుండానే అందించడం మొదలెట్టింది.

బండి నడిచాక దాలయ్యకి జట్టు దొరికింది. గజపతినగరంలో ఎరువుల కొట్టు నడిపే ఉమాశంకర్‌కీ ఇలాంటి పాత జీపే ఉంది. నెలకో ఆదివారం ఇద్దరూ సాలూరు కొండల వైపు పోతారు. రోడ్డు ఉన్నచోట వీళ్లకి నచ్చదు. గెడ్డలో, అంటే కొండవాగులో దిగి, ఎర్రమట్టిలో దొర్లి, సాయంత్రానికి పళ్లు తప్ప ఏమీ కనిపించని మొహాలతో వస్తారు. "ఎక్కడికెళ్లారు?" అంటే ఇద్దరికీ తెలీదు. "ఎన్నిసార్లు దిగబడ్డారు?" అంటే మాత్రం పోటీలు పడి చెప్తారు.

గొడవ షెడ్డు దగ్గర వచ్చింది. మరిడమ్మ పొదుపు సంఘం వాళ్లతో కలిసి చోళ్లూ జొన్నలూ అంటూ తేడా లేకుండా అన్నీ ఆడే పిండిమర పెట్టాలనుకుంది. మర పెట్టడానికి ఇంట్లో ఉన్నది ఒకటే చోటు, ఆ షెడ్డు. అందులో జీపు ఉంది.

"ఒకటి సెప్పు బావా, ఈ బండి వల్ల మనకేటి లాభం? గెడ్డలో దిగబడ్డానికి తప్ప ఎక్కడికైనా ఎల్లిందా?"

"ఎక్కడికెల్లమంటే అక్కడికెల్తాది."

దాలయ్య ఆమెకి మేనత్త కొడుకు, అందుకే పెళ్లయి ఇన్నేళ్లయినా పిలుపు మారలేదు. ఆయన అన్న మాటని ఆమె గట్టిగా పట్టుకుంది. వచ్చే నెలలో ఆమె తమ్ముడు అప్పలసూరి భావనపాడులో కొత్త పడవ నీళ్లలో దింపుతున్నాడు. ఆ ఇంటి ఆనవాయితీ ఒకటుంది. కొత్త పడవ ముక్కుకి ముందుగా ఇంటి ఆడపడుచు పసుపు రాయాలి. రాసేదాకా ఆమె కాలు ఇసక మీద పడకూడదు. రోడ్డు చివర ఆమెని నులక మంచం మీద కూచోబెట్టి, అన్నదమ్ములు పడవ దాకా మోసుకెళ్తారు.

"నన్ను నీ జీపులో తీసుకెల్లు. కాలు కింద పెట్టకుండా పడవ కాడ దింపు. దింపితే జీపు నీది, మర సంగతి నానెత్తను. మద్దెలో ఆగిపోయిందా, మళ్లీ సాలూరు కొట్టుకే. కాకరపాదు ఎదురుసూస్తంటాది."

"మంచం అక్కర్లేదని మీ తమ్ముడికి ఇప్పుడే ఫోన్ సెయ్యి," అన్నాడు దాలయ్య.

ఆ నెలంతా వీధిలో ఆయన కాళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. బ్రేకులు విప్పాడు, బిగించాడు. రేడియేటరు గొట్టాలు కొత్తవి వేశాడు. బయల్దేరే రోజు తెల్లారకుండానే మరిడమ్మ జీపుకి పూజ చేసింది. పందెం కట్టినా పూజలో లోటు చెయ్యలేదు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. బానెట్టుకి బంతిపూల దండ కట్టింది. పసుపు ముద్ద చేసి నాలుగు చక్రాల నడుమా మందంగా మెత్తి కుంకుమ పెట్టింది. పళ్లెం పట్టుకోవడానికి ఒక ఆడపిల్ల ఉండాలని, వెనక సీట్లో కొబ్బరికాయల బస్తా పక్కన, వీధిలో పిల్లనే కదా అని నన్నూ కూచోబెట్టారు.

చీపురుపల్లి దాటి హైవే ఎక్కాం. బస్సులు మమ్మల్ని దాటిపోయాయి, లారీలు దాటిపోయాయి, నరసన్నపేట దగ్గర గొర్రెల్ని వేసుకెళ్తున్న ఆటో కూడా దాటిపోయింది. దాలయ్య పట్టించుకోలేదు. ఇంజను చప్పుడు వింటూ, సంగీతం వినే వాడిలా ఒక్కోసారి తలూపుతున్నాడు. టెక్కలి దాటింది. నౌపడ ఉప్పుమడులు తెల్లగా మెరిశాయి. మరిడమ్మ ఓసారి "ఫర్వాలేదు" అని, అన్నందుకు వెంటనే బాధపడి, రోడ్డు వైపు తిరిగింది.

సిమెంటు రోడ్డు అయిపోయిన చోట ఇసక మొదలైంది. దూరంగా నీలంరంగు కొత్త పడవ, దాని చుట్టూ జనం. పోటు ఎక్కి ఉంది. అది దిగకముందే పడవ నీళ్లలోకి పోవాలి. దాలయ్య దిగి నాలుగు టైర్లలో గాలి సగానికి దించాడు. ఇసక మీద మెత్తటి టైరే నడుస్తుందట. తర్వాత ముందు చక్రం దగ్గర గొంతుక్కూచున్నాడు.

ఇక్కడ జీపు సంగతి ఒకటి చెప్పాలి. ఇలాంటి పాత బండ్లకి ఒక్కో ముందు చక్రం నడుమ ఒక గుండ్రటి బిళ్ల ఉంటుంది. దాన్ని చేత్తో తిప్పితేనే ముందు చక్రాలకి ఇంజను బలం అందుతుంది. తిప్పకుండా లోపల ఫోర్ వీల్ గేరు ఎంత లాగినా, తోసేది వెనక చక్రాలు రెండే.

ఆ బిళ్ల మీద పసుపు ఎండి రాయిలా ఉంది. దాలయ్య చెయ్యి దాని దాకా వెళ్లి ఆగింది. పసుపు రాయడానికి వెళ్తున్న బండికి ఉన్న పసుపు గోకెయ్యడమా? అదీ గంగమ్మ ఎదురుగా, అదీ ఆడపడుచు స్వయంగా రాసిన పసుపు? ఆయన మెల్లగా లేచి, చేతులు దులుపుకుని, స్టీరింగు ముందు కూచున్నాడు.

"అయిపోయిందా?" అంది మరిడమ్మ.

"ఆ, ఎనక సక్రాలు సాల్లే."

చాలలేదు. జీపు ఉత్సాహంగా కొంతదూరం పోయింది. జనం ఈలలు వేశారు. ఆ తర్వాత వెనక చక్రాలు అక్కడే తిరుగుతూ ఇసకని మా మీదకి విసిరి, ఒక గొయ్యి తవ్వుకుని, అందులో హాయిగా కూచున్నాయి. పడవ ఇంకా గట్టిగా పిలిస్తే పలికేంత దూరంలో ఉంది.

అప్పలసూరి పరుగెత్తుకుంటూ వచ్చాడు. వంగి చక్రం చూశాడు.

"బావా, నీకు సముద్రమే పడదనుకున్నాం. ఒడ్డు కూడా పడదేటి?"

వెనకొచ్చిన వాళ్లంతా ఘొల్లుమన్నారు. "ఒరే, మంచం తెండిరా! అక్కని దింపుదాం," అని అప్పలసూరి కేకేశాడు. అటు ఎవరో మంచం ఎత్తుకుని బయల్దేరనే బయల్దేరారు. ముందే తెచ్చి పడవ చాటున పెట్టుకున్నట్టున్నారు. నీళ్ల దగ్గర నుంచి ఒక పెద్దాయన "పోటు దిగిపోతన్నాది, బేగి రండర్రా" అంటున్నాడు.

దాలయ్య కిందికి దిగి నిలబడ్డాడు. ఆ మొహం చూస్తే, జీపుని అప్పుడే సాలూరు కొట్టు వెనక దింపేసి వచ్చిన వాడిలా ఉన్నాడు. మరిడమ్మ సీట్లోంచి కదలకుండా ఆయన్నే చూస్తోంది.

"ఎందుకాగింది?"

"ఇసక కదా."

"ఇసకని నాకు సెప్తావేటి? నానిక్కడే పుట్టినాను. నిజం సెప్పు." ఆమె చూపు ముందు చక్రం మీదకి వెళ్లింది. "ఆ బిల్ల తిప్పినావా?"

దాలయ్య వంగి టైరుకంటిన ఇసక దులిపాడు.

"తిప్పలేదా? గెడ్డలో దిగితే ముందు అదే తిప్పుతావు కదా! ఏటయ్యింది?"

"నీ పసుపు ఉన్నాది కదే దాని మీద," అన్నాడాయన, దొంగతనం ఒప్పుకున్నట్టు. "ఎలా గోకీమంటావు?"

మరిడమ్మ ఆ పసుపు వైపు చూసింది. తర్వాత నవ్వింది. ముందు కొంగు అడ్డం పెట్టుకుని, తర్వాత అదీ వదిలేసి, బస్సు సీటు స్ప్రింగులు కిర్రుమనేలా నవ్వింది. మంచం మోసుకొచ్చిన వాళ్లు ఎందుకో తెలీకుండానే నవ్వారు.

"జీపు పోతే పోనీ గానీ, పసుపు పోకూడదా? ఓలమ్మ, ఏటి మనిసివి బావా నువ్వు!" కళ్లు తుడుచుకుంది. "గోకు. కింద మాత్రం పారీకు. అంతా నా పళ్లెంలో ఎయ్యి. జీపు మీది పసుపే పడవకి రాస్తాను. ఎక్కడికీ పోనట్టే కదా?"

దాలయ్య మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. బండి తాళంచెవితో పసుపు పెళ్లలు పెళ్లలుగా లేపాడు. నేను పట్టుకున్న పళ్లెంలో అవి టపటపా పడ్డాయి. మరిడమ్మ మరచెంబు నీళ్లు పోసి మెదిపింది. రెండు బిళ్లలూ తిప్పితే టక్కు, టక్కుమన్నాయి. అప్పలసూరి వాళ్లు మంచం కింద పడేసి, చేతుల్తో వెనక చక్రాల చుట్టూ ఇసక తోడారు.

దాలయ్య చిన్న గేరు వేశాడు. జీపు ఒకసారి వణికింది. ఈసారి ముందు చక్రాలు లాగాయి. గోతిలోంచి లేచి, నీళ్లలోంచి లేచిన గేదెలా ఒళ్లు విదిలించుకుని, పడవ వైపు నడిచింది. ఆయన తిన్నగా తీసుకెళ్లి, పడవ ముక్కు మరిడమ్మ చేతికందేలా ఆపాడు. ఆమె కాలు కింద పెట్టలేదు. సీట్లోంచే వంగి, అరచేతి నిండా పసుపు తీసి నీలం చెక్క మీద పట్టించింది.

పసుపు మధ్యలో నల్లటి చార ఒకటి పడింది. చక్రం బిళ్లలోంచి గ్రీజు కూడా వచ్చేసింది.

"ఇదేటే, నల్లగున్నాది?" అంది పక్కనున్న ముసలావిడ.

"దిష్టి సుక్క," అంది మరిడమ్మ, రెప్ప వెయ్యకుండా.

పడవ కిందికి దుంగలు పెట్టారు. అందరూ ఒక్క గొంతుతో అరుస్తూ తోశారు. నీలం పడవ తలెత్తి మొదటి అల దాటింది. "రా బావా, ఓ సుట్టు తిరిగొద్దాం" అని అప్పలసూరి పడవలోంచి పిలిచాడు. ఆ పిలుపుకే దాలయ్య కడుపు పట్టుకుని రెండడుగులు వెనక్కేశాడు.

భోజనాల దగ్గర అప్పలసూరి పందెం సంగతి తీశాడు. వాడికి ఎవరు చెప్పారో మరి. "అక్కా, మద్దెలో ఆగితే అమ్మేస్తానన్నావు. ఆగింది కదా? ఊరంతా సూసినారు." మరిడమ్మ వినపడనట్టు చేప ముల్లు తీసుకుంటోంది. దాలయ్య రెండోసారి కూర వడ్డించుకోలేదు. ఆ ఇంట్లో వండిన వంజరం కూరకి అది పెద్ద అవమానం.

తిరుగు ప్రయాణమయ్యాం. నౌపడ దాటాక రోడ్డు పక్కన బోరింగు కనిపించగానే దాలయ్య బండి ఆపాడు. ఉప్పునీటి ఇసక ఇనుముని తినేస్తుంది, మంచినీళ్లతో కడగందే ఆయనకి ఇంటికి వెళ్లబుద్ధి కాదు. రేపు అమ్మేసే బండి అయినా సరే. మరిడమ్మ దిగి, అడగకుండానే బోరింగు కొట్టడం మొదలెట్టింది. ఆయన బకెట్లు మోసి చక్రాల మీద పోస్తున్నాడు. నాలుగో చక్రం దగ్గర ఇంక ఆగలేకపోయాడు.

"ఏటంటావు మరి?"

"షెడ్డు ఖాళీ సెయ్యి," అంది మరిడమ్మ, బోరింగు ఆపకుండా.

దాలయ్య బకెట్టు కింద పెట్టేశాడు. "అలాగే," అన్నాడు చాలా చిన్నగా. "రేపు సాలూరు కొట్టాయనకి ఫోన్ సేస్తాను."

"ఎందుకు?"

"నువ్వే కదా..."

"నాను షెడ్డు ఖాళీ సెయ్యమన్నాను. జీపు అమ్మమన్నానేటి? ఆగింది నా పసుపుకి. అది బండి తప్పెలాగవుతాది? కాలు కింద పెట్టకుండా దింపుతానన్నావు, దింపినావు. మర సంగతి ఎత్తనన్నాను గానీ, మర లేకపోతే నాకు నిద్దర పట్టదు. అందుకని షెడ్డు నాది, జీపు నీది. ఈది పక్క గోడకి ఆనించి రేకులేసుకో. రేకులు నువ్వే బిగించుకోవాలి, నాను టార్చి పట్టను."

దాలయ్య గబగబా జీపు ముందు నుంచి వెనకదాకా జానలతో కొలుచుకుంటూ నడిచి, వేళ్లు మడిచి ఏదో లెక్క వేసుకుని, మళ్లీ వెనక నుంచి ముందుకి కొలవబోయాడు.

"ముందు నీల్లు పొయ్యి," అని మరిడమ్మ అరిచింది. "నా సెయ్యి పడిపోతన్నాది ఇక్కడ."