గుమ్మం వైపు తిప్పిన జోళ్ళు

మా కొరియా సినిమాల్లో మొగుడు దారి తప్పాడని అందరికంటే ముందు తెలిసేది గుమ్మం దగ్గరి జోళ్ళకి. ఇల్లాలు బజారు నుంచి కాస్త ముందే తిరిగొస్తుంది. తలుపు తీస్తే మొగుడి బూట్ల పక్కన ఎవరివో ఎత్తుమడమల జోళ్ళు. ఇన్చాన్‌లో సినిమావాళ్ళ బట్టలు ఇస్త్రీ చేస్తూ ముప్పై ఏళ్ళు గడిపాను. ఈ ఒక్క దృశ్యాన్ని ఎన్ని సినిమాల్లో తీశారో నాకే లెక్క తెలియదు. తీసిన ప్రతివాడూ తనే కనిపెట్టినట్టు పోజు కొడతాడు.

ఆ జోళ్ళు తెచ్చి పెట్టేది మా బాంగ్ మల్సుక్. నాకంటే ఐదేళ్ళు పెద్దది, అక్కా అంటాను. పుట్టింది కున్సాన్ రేవులో. వాళ్ళమ్మ అక్కడ నావికుల కోసం చిన్న సత్రం నడిపేది. లోపలికి వచ్చినవాళ్ళు విప్పిన జోళ్ళని గుమ్మం వైపు తిప్పి పెట్టడం చిన్నప్పుడు మల్సుక్ పని. వెళ్ళేటప్పుడు అతిథి వంగక్కర్లేదు, కాళ్ళు దూర్చుకుని నడిచిపోవచ్చు. ఇంట్లోవాళ్ళ జోళ్ళు మాత్రం తిప్పకూడదు, అవి జోళ్ళ గూట్లోకి పోవాలి. ఆ అలవాటు ఆమె చేతులకి పట్టేసింది. మా ఇంటికి ఎప్పుడొచ్చినా ముందు వంగి నా చుట్టాల జోళ్ళు తిప్పి, తర్వాతే పలకరించేది.

పనిలో మహా గట్టిది. కథ విని, "వీడు పెళ్ళాన్ని లెక్కచేసే రకం కాదు, బూటు మడమ తొక్కుకుంటూ నడుస్తాడు" అని కొత్త బూట్ల మడమలు తొక్కి తొక్కి చదును చేసేది. అయినా తెర మీద ఆమె పేరు ఎప్పుడూ పడలేదు.

ఆమె ఇంటి గుమ్మంలో కూడా ఒక మగ జోడు ఉండేది. నల్ల బూట్లు. ఒంటరి ఆడవాళ్ళు దొంగల భయానికి అలా పెట్టుకోవడం మా దగ్గర మామూలే. మల్సుక్ మాత్రం అవి మొగుడివేనని, ఆయన ట్యూనా చేపల ఓడ మీద దక్షిణ సముద్రంలో ఉన్నాడని చెప్పేది. పదకొండేళ్ళు చెప్పింది. ఒక ఏడాది తుఫాను, ఒక ఏడాది ఓడ మరమ్మతు. ఓడ మీద చలి కదా అని పిచ్చిదాన్ని నేను ఆయనకి ఉన్ని మేజోళ్ళు కూడా అల్లిచ్చాను!

అలా ఉండగా ర్యూ అనే కుర్ర దర్శకురాలు సినిమా మొదలుపెట్టింది. మళ్ళీ అదే కథ, అదే గుమ్మం. పాత అపార్టుమెంటులో పొద్దున్నే షూటింగు, నేనూ అక్కా అక్కడే. హీరోయిన్ తలుపు తీయాలి, జోళ్ళు చూడాలి, గోడకేసి విసిరికొట్టాలి. పదకొండు సార్లు విసిరింది. పదకొండు సార్లూ ర్యూ తల అడ్డంగా ఊపింది.

"నాటకంలా ఉంది. జోళ్ళు బాలేవేమో. ఎర్రవి తీసుకురండి."

మల్సుక్ ఎర్రవి తెచ్చింది, పెట్టింది. అక్కడి నుంచి కదల్లేదు.

"విసరదు" అంది.

సహాయ దర్శకుడు విసుక్కున్నాడు. "పిన్నీ, మీ పని జోళ్ళు. కథ మేం చూసుకుంటాం."

"ఉండవయ్యా" అని వాణ్ణి ఆపి, ర్యూ అడిగింది. "విసరకపోతే ఏం చేస్తుంది?"

"తిప్పి పెడుతుంది. గుమ్మం వైపు."

నలభై మంది గొల్లుమన్నారు. "మొగుణ్ణి ఎగరేసుకుపోయేదానికి మర్యాదలా!" అన్నాడు లైట్లు పెట్టేవాడు.

"ఎవరివో తెలిసేలోపే చేతులు తిప్పేస్తాయి నాయనా. ఇంటికి ఎవరో వచ్చారనుకుంటాం. తిప్పాక, ఇంకా వంగి ఉండగానే, లోపలి నుంచి నవ్వు వినపడుతుంది. అప్పుడిక విసరడానికి ఏముంది? మర్యాద చేసేశాం కదా."

నవ్వు ఆగిపోయింది. ర్యూ మెల్లగా అడిగింది. "పిన్నీ, ఇది మీకెలా తెలుసు?"

అక్కకి తప్పించుకునే దారి ఉంది. ఎక్కడో చూశానంటే చాలు, పదకొండేళ్ళుగా కాపాడుకున్న పరువు అలాగే ఉండేది. కానీ ఎక్కడో చూసిన ముక్క కోసం అక్కడ ఎవరూ సీను మార్చరు. ఆమె నా వైపు చూసింది, నేలవైపు చూసింది, తల ఎత్తింది.

"నేను తిప్పాను కాబట్టి. మా ఇంట్లో. మా ఆయన ఏ ఓడా ఎక్కలేదు. సూవన్‌లో ఉన్నాడు, ఆ జోళ్ళావిడతో."

సూవన్! ఇన్చాన్ నుంచి రైల్లో గంటంబావు. నా మేజోళ్ళు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. మరుక్షణం ఆమె ముఖం చూసి ఏడుపొచ్చింది. వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "మేజోళ్ళ సంగతి తర్వాత తేలుస్తాను అక్కా" అన్నాను.

ఎలా తిప్పారో చూపించమంది ర్యూ. మల్సుక్ వంగింది. రెండు వేళ్ళతో మడమలు పట్టి, ఒక్క చప్పుడు లేకుండా తిప్పి, జత కలిపి, అలాగే ఆగిపోయింది. హీరోయిన్ కళ్ళు తుడుచుకుంటూ, "ఈ చేతులు నాకు రావు, పిన్ని చేతులే తియ్యండి" అంది. చేతులవరకూ అక్కవి తీశారు, ముఖం హీరోయిన్‌ది. ఒక్క టేకులో అయిపోయింది. ఆ సాయంత్రమే అక్క తన గుమ్మంలోని నల్ల బూట్లు తెచ్చి సినిమా సామాన్ల పెట్టెలో పడేసింది.

సినిమా వచ్చింది. హాల్లో ఆ చేతులు కనపడగానే వరసల వెంట ఆడవాళ్ళ వెక్కిళ్ళు. చివర పేర్లలో ఒక వరస పడింది: చేతులు, బాంగ్ మల్సుక్. నేను కుర్చీలోంచి లేచి ఈల వేశాను. నా వయసుకి తగదంటారు, అననీండి.

నెల తిరక్కుండా ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇంట్లో కిమ్చీ పచ్చడికి ముల్లంగి తరుగుతున్నాం. తలుపు తట్టిన చప్పుడు. పియర్ పళ్ళ పెట్టెతో ఒక బట్టతలాయన. ఎవరో చెప్పక్కర్లేదు, అక్క ముఖం చెప్పింది. గిచోల్, ఆవిడ మొగుడు. లోపలికి వచ్చి జోళ్ళు విప్పాడు.

"సినిమా చూశాం. అదే, చూశాను."

"చూశామనే అను, పర్లేదు."

"నీ బొటనవేలి మీద మచ్చ చూసి పోల్చుకున్నాను. ఇంటి గుట్టు ఊరందరికీ చూపిస్తావా? సిగ్గుగా లేదూ?"

"పదకొండేళ్ళు నీ సిగ్గు కూడా నేనే పడ్డాను. ఇప్పుడు నీది నువ్వు పడు."

అతను గుమ్మమంతా వెతికాడు. "నా నల్ల బూట్లేవి?"

"సినిమాల్లో ఉన్నాయి. ఇప్పటికే రెండు కాపురాలు కూల్చాయి."

నాకు నవ్వాగలేదు. అతను మాత్రం గొంతు తగ్గించాడు. "అక్కడ పొసగడం లేదే. ఇక వచ్చేద్దామనుకుంటున్నా. మన ఇంటికి."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. అక్క ఏం చేస్తుందో నాకు నిజంగా తెలియలేదు. ఆమె చేతులు కడుక్కుంది, తుడుచుకుంది, గుమ్మం దగ్గరికి వెళ్ళి వంగింది. అతని ముఖం వికసించింది. తన జోళ్ళు గూట్లో పెట్టబోతోంది అనుకున్నాడు పాపం.

అక్క రెండు వేళ్ళతో ఆ మడమలు పట్టుకుంది. ఈసారి ఆ జోళ్ళు ఎవరివో ఆమెకి బాగా తెలుసు. ఒక్క చప్పుడు లేకుండా గుమ్మం వైపు తిప్పి, జత కలిపి పెట్టి, లేచి నిలబడింది.

సత్రం పిల్లతో పద్దెనిమిదేళ్ళు కాపురం చేసినవాడు కదా, విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వంగాల్సిన పని కూడా లేకుండా కాళ్ళు దూర్చుకుని వెళ్ళిపోయాడు.