దేవకుమారి పెంచిన నాచు

దేవకుమారి బాపట్లలో నాచు మీద పరిశోధన చేసేది. అదే ల్యాబులో నాది పక్క బల్ల. వరి మళ్ళలో నీళ్ళ మీద తేలే నీలాకుపచ్చ నాచు గురించి ఆమె మొదలుపెడితే నా టీ చల్లారిపోవాల్సిందే. చెరుకుపల్లి దగ్గర బ్రహ్మానందం గారి పొలంలో దొరికిన ఒక రకం మాత్రం ఎండాకు తెగులు తెచ్చే క్రిమిని పెరగనిచ్చేది కాదు. అందులోని పదార్థమేమిటో తేలిస్తే ఆమెకు డాక్టరేటు వస్తుంది. అందుకు సరిపడా నాచు పెంచడానికే ఏళ్ళు పట్టింది.

1993 క్రిస్మస్ సెలవులకు ల్యాబులో దీపాలు ఆపేస్తామన్నారు. నాచుకు వెలుతురు కావాలి. సీసాలన్నీ తెనాలి తీసుకెళ్ళి ఇంటి కిటికీలో పెట్టుకుంది.

"ఒకటైనా నా దగ్గర ఉంచవే" అన్నాను.

"పోతే పొలం ఉందిగా" అంది.

అప్పుడు వాళ్ళమ్మ సామ్రాజ్యం గారు రేపల్లెలో చెల్లెలింట్లో ఉన్నారు. తిరిగొచ్చి, పండగకని గోడలకు సున్నం వేయించి, కిటికీలో పాచి పట్టిన సీసాలు చూసి, బూడిదతో తోమి బోర్లించారు. కూతురికి పని తప్పించాననుకున్నారు.

విని నాకు ఒళ్ళు మండిపోయింది. దేవకుమారికి కోపం కూడా రాలేదు.

"అమ్మకి చెప్పావా?"

"ఏమని చెప్పను?"

మర్నాడే ఇద్దరం చెరుకుపల్లి బస్సెక్కాం. అక్కడ పొలం లేదు, రొయ్యల చెరువు ఉంది. బ్రహ్మానందం గారు నవ్వుతూ ఎదురొచ్చారు.

"వరిలో ఏం మిగులుతుందమ్మా? ఉప్పునీళ్ళు పెట్టేశాం."

"అవునండి" అంది దేవకుమారి. గట్టు మీద కూర్చుని చెప్పులో మట్టి దులుపుకుంది. ఏడిస్తే బాగుండునని నాకనిపించింది.

తర్వాత చుట్టుపక్కల మిగిలిన మళ్ళన్నీ తిరిగింది. ఆ రకం దొరకలేదు. మార్చిలో పరిశోధన మానేస్తున్నానని గైడు సార్‌కు చెప్పేసింది. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

ఆ ఆదివారం నన్ను వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. ముందు అందరం చర్చికి వెళ్ళాం. ఎవరికైనా ప్రార్థన కావాలా అని పాస్టరు గారు అడిగినప్పుడు సామ్రాజ్యం గారు కొంగు తల మీదికి లాక్కుని లేచారు.

"మా అమ్మాయి పరిశోధన తొందరగా పూర్తవ్వాలని ప్రార్థన చేయండి, అయ్యగారూ."

చర్చిలో అందరూ మోకరించారు. పాస్టరు గారు ఆమె పేరు చెప్పి చాలాసేపు ప్రార్థించారు. దేవకుమారి అందరితోపాటు "ఆమెన్" అని, మోకాళ్ళ నొప్పులతో లేవలేకపోతున్న తల్లికి చెయ్యి అందించింది.