ఎనిమిదో వీధికి వెళ్ళని రోజు

ఈనిడ్ భర్త లాయిడ్ రంపపు మిల్లులో పనిచేసేవాడు. కెనడా కూడా ప్రపంచ యుద్ధంలో ఉన్న 1940 వేసవిలో, ఇంట్లో మాటమాత్రం చెప్పకుండా సైన్యంలో పేరు రాయించుకుని వచ్చాడు.

"పెళ్ళాం బిడ్డా గుర్తురాలేదా నీకు?"

"అందరూ పోతున్నారు ఈనిడ్. నేనొక్కణ్ణీ రంపం దగ్గర నుంచోనా?"

"అయితే పో. సాగనంపడానికి మాత్రం నేను రాను."

పంతానికి మారుపేరు ఆమె. పటాలం కదిలిన రోజు న్యూ వెస్ట్‌మిన్‌స్టర్ ఊరంతా ఎనిమిదో వీధిలోనే ఉంది. ఈనిడ్ తలుపు గడియ పెట్టుకుని బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కూర్చుంది. బ్యాండు చప్పుడు విని నాలుగేళ్ళ లోర్నా "నాన్న దగ్గరికి" అంటూ వెక్కి వెక్కి ఏడ్చి నిద్రపోయింది.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. తల్లి చెయ్యి విదిలించుకుని, కవాతులో వెళ్తున్న తండ్రి వైపు పరిగెత్తే పిల్లవాడు. దేశమంతా ఆ పసివాణ్ణి చూసి కళ్ళొత్తుకుంది. ఈనిడ్ చూపు మాత్రం వెనక వరసలో ఆగింది. అందరూ ముందుకు చూస్తుంటే లాయిడ్ ఒక్కడే తల తిప్పి, రోడ్డు పక్క జనంలో ఎవరికోసమో వెతుకుతున్నాడు.

నెల తిరిగాక లాయిడ్ ఉత్తరం వచ్చింది. 'గుంపులో మీరు కనపడలేదు. వెనకెక్కడో ఉండి ఉంటారులే.'

కాదని రాయడానికి ఆమెకి చెయ్యి రాలేదు. తరవాత రాద్దామనుకుంది. 1944 ఆగస్టులో, ఫ్రాన్స్ గోధుమ చేలల్లో, లాయిడ్ తన యుద్ధట్యాంకులోనే కాలిపోయాడు.

ఆ ఫోటో బడిగోడలకెక్కింది, క్యాలెండర్లకెక్కింది. "మనమూ వెళ్ళామా అమ్మా?" అని లోర్నా అడిగితే, "వెళ్ళాం. నా భుజం మీద నిద్రపోయావు" అంది ఈనిడ్. ఆ అబద్ధాన్నే లోర్నా తన పిల్లలకీ, మనవలకీ చెప్పుకుంది.

కవాతు జరిగిన డెబ్బై నాలుగేళ్ళకి ఎనిమిదో వీధి చివర ఆ ఫోటోని కంచు విగ్రహాలు చేసి నిలబెట్టారు. లోర్నా తొంభై ఏడేళ్ళ తల్లిని చక్రాల కుర్చీలో తీసుకెళ్ళింది. పక్కనున్నావిడ పలకరిస్తే మురిసిపోతూ, "మా నాన్న ఆ వరసలోనే ఉన్నాడండీ. అమ్మ నన్నెత్తుకుని ఇక్కడే నుంచుంది" అంది.

"లేదే లోర్నా," అంది ఈనిడ్. "మనం రాలేదు. కోపంతో నేనే తలుపేశాను. నువ్వు ఏడ్చావు."

లోర్నా కంచు పిల్లవాడి చాచిన చేతి వైపు చూసింది.

"నువ్వు మానేస్తే మానేశావు," అంది. "పక్కింటి వాళ్ళతో నన్నయినా పంపాల్సింది కదమ్మా. మళ్ళీ నేను నాన్నని చూడనేలేదు."

తల్లిని ఆమె ఉండే వృద్ధుల ఆశ్రమంలో దింపి లోర్నా వెళ్ళిపోయింది.

లోర్నా మూడు వారాలు రాలేదు. నాలుగో ఆదివారం వచ్చి, కోటు విప్పకుండానే తల్లి వెనక నుంచుని జుట్టు దువ్వింది.

"నన్ను క్షమించవే," అంది ఈనిడ్.

"తల కదపకమ్మా," అంది లోర్నా.

ఆ చలికాలంలోనే ఈనిడ్ పోయింది.